రెండక్షరాల ఇంగ్లీషు మాట 'అప్': పైకి అన్న అర్థం ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోయింది?

బోధిని

పెద్దవాళ్ళకు ఇంగ్లీషు నేర్పుతుంటాను. క్రియ వెనకాల వచ్చే 'అప్' దగ్గరికి రాగానే పాఠం ఆగిపోతుంది. 'స్టాండ్ అప్' అంటే లేచి నిలబడు, 'లుక్ అప్' అంటే తలెత్తి చూడు అని చెప్పినంతవరకు ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఆ వెంటనే 'ఈట్ అప్', 'డ్రై అప్', 'గివ్ అప్', 'మేక్ అప్', 'షో అప్', 'టైమ్ ఈజ్ అప్' వరసకట్టి వస్తాయి. వీటిలో పైకి లేచేది ఏదీ కనపడదు.

పాఠ్యపుస్తకాలు చాలావరకు ఒక పట్టిక ఇచ్చి కంఠస్థం చేయమంటాయి. ఆ పద్ధతి నాకు ససేమిరా నచ్చదు. ఇన్ని శతాబ్దాలుగా ఇంతమంది నాలుకల మీద నలిగిన మాటకు ఇన్ని అర్థాలు దారీ తెన్నూ లేకుండా పుట్టుకొచ్చాయంటే నేను నమ్మను. ఒక అర్థం నుంచి ఇంకో అర్థానికి దారి ఉండి తీరాలి. తెలిసినవాళ్ళు చూపించండి. మన భాషలోని ఉదాహరణలతో చెప్పగలిగితే నా విద్యార్థులకు ఇంకా మేలు.

నిఘంటుప్రియ

మంచి ప్రశ్న. సులువైన భాగం నుంచి మొదలుపెడతాను.

మొదటి అర్థం దిక్కు. కింది నుంచి పైకి. దాన్ని ఆనుకుని పరిమాణం వస్తుంది. కుప్ప పోస్తే ఎత్తు పెరుగుతుంది, పాత్రలో నీళ్ళు పోస్తే మట్టం లేస్తుంది. కాబట్టి ఎక్కువ కావడమంటే పైకి వెళ్ళడమే. 'ప్రైసెస్ ఆర్ అప్', 'టర్న్ అప్ ద వాల్యూమ్', 'స్పీడ్ అప్' ఈ కోవలోవి. తెలుగులో మనం చేసేదీ ఇదే. 'వందకు పైగా' అంటాం, 'ధరలు పైకి పోతున్నాయి' అంటాం. 'పైగా' అన్న మాట 'అంతేకాక' అన్న అర్థానికి కూడా వచ్చింది. ఉన్నదాని మీద ఇంకొకటి పెట్టడమే కదా అది.

ఆ తర్వాత మనసు. 'చీర్ అప్' అంటే ఉత్సాహం తెచ్చుకో. మనకూ సంతోషం వస్తే మనసు తేలికపడుతుంది, దిగులు పడితే కుంగిపోతుంది. మేలుకోవడం కూడా పైకే: 'వేక్ అప్', 'గెట్ అప్'. మనం 'నిద్ర లేచాను' అంటాం. హోదా కూడా పైకే. 'కష్టపడి పైకి వచ్చాడు' అన్న మాటను ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు.

జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ అనే ఇద్దరు 1980లో ఈ విషయాన్ని విస్తారంగా చర్చించారు. ఎక్కువ, ఆనందం, ఆరోగ్యం, అధికారం, ఇవన్నీ 'పైన' ఉన్నట్టు మనిషి ఊహించుకుంటాడని, ఆ ఊహకు మూలం శరీరానుభవమేనని వాళ్ళ వాదం. ఆరోగ్యంగా ఉన్నవాడు నిలబడతాడు, జబ్బు చేసినవాడు పడుకుంటాడు. ఈ కోవలోని వాడుకలను విద్యార్థులు తమంతట తామే పట్టుకోగలరు.

తొలిమెట్టు

నేను నేర్చుకుంటున్న దశలో ఉన్నాను. ఇంతవరకు చెప్పింది అర్థమైంది. కానీ 'ఈట్ అప్' సంగతేమిటి? అన్నం లోపలికి, కిందికి పోతుంది కదా. 'ఈట్' అన్నా తినడమే, 'ఈట్ అప్' అన్నా తినడమే అయితే ఆ రెండక్షరాలు అక్కడ ఎందుకు?

అనువాదిని

తొలిమెట్టు గారూ, సరైన చోట పట్టుకున్నారు. ఈ మాటకు సంబంధించి తెలుగువాళ్ళకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే విషయం ఇక్కడే ఉంది.

'తిన్నాడు', 'తినేశాడు' పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ తినడమే. అయినా రెండో మాట వినగానే కంచం ఖాళీ అయిందని మీకు తెలిసిపోతుంది. ఆ తేడా తెచ్చింది 'వేయు'. తిని, వేశాడు, కలిసి 'తినేశాడు'. ఇక్కడ విసరడం ఏమీ లేదు. 'వేయు' తన సొంత అర్థాన్ని పక్కనపెట్టి, ముందున్న పనిని చివరిదాకా తీసుకెళ్ళే పనిలో కుదురుకుంది. ఇంగ్లీషు 'అప్' చేసేది సరిగ్గా అదే. 'ఈట్' అంటే తిను, 'ఈట్ అప్' అంటే తినేయి. 'డ్రింక్ అప్' అంటే తాగేయి. 'టేర్ అప్' అంటే చింపేయి. 'యూజ్ అప్' అంటే మిగలకుండా వాడేయి.

పని దానంతట అదే జరిగితే మనం 'వేయు' బదులు 'పోవు' వాడతాం. చెరువు ఎండిపోయింది: 'డ్రైడ్ అప్'. తెగిన గాయం మానిపోయింది: 'హీల్డ్ అప్'. మన దగ్గర 'వేయు', 'పోవు' అని రెండు ఉంటే ఇంగ్లీషు రెండింటికీ 'అప్' ఒక్కదానితోనే సరిపెట్టుకుంది.

ఇది పైపై పోలిక కాదనడానికి ఒక పరీక్ష ఉంది. 'గంటసేపు తిన్నాడు' అనవచ్చు. 'గంటసేపు తినేశాడు' అంటే చెవికి ఎక్కడో తగులుతుంది. 'గంటలో తినేశాడు' అనాలి. ఇంగ్లీషులోనూ 'ఈట్ అప్' పక్కన 'ఫర్ యాన్ అవర్' ఒదగదు, 'ఇన్ యాన్ అవర్' ఒదుగుతుంది. పనికి ముగింపు ఉన్నప్పుడు అది ఎంతలో ముగిసిందో చెప్పాలి గాని ఎంతసేపు సాగిందో చెప్పడం కుదరదు. రెండు భాషలూ ఒకే గీత దగ్గర ఆగుతున్నాయి.

ఇంకొకటి. ఇంగ్లీషులో 'డ్రింక్ వాటర్' అనవచ్చు గాని, మామూలు మాటల్లో 'డ్రింక్ అప్ వాటర్' అనరు. 'డ్రింక్ అప్ ద వాటర్' అంటారు. అప్పటికే తెలిసిన, ఇంతని హద్దు ఉన్న నీళ్ళు కావాలి. 'నీళ్ళు తాగేశాడు' అని విన్నప్పుడు మనకూ 'ఫలానా నీళ్ళు' అన్న భావమే కలుగుతుంది. తెలుగులో 'ద' లాంటి మాట లేకపోయినా 'వేయు' ఆ పనిలో కొంత మోస్తోంది. అనువాదం చేసేటప్పుడు ఇది నాకు ఎంతగానో ఉపయోగపడుతుంది. 'అప్' కనపడగానే 'పైకి' కోసం వెతకను. క్రియ చివర ఏం చేర్చాలా అని చూస్తాను.

పాతప్రతి

అనువాదిని గారు చెప్పినదానికి చరిత్ర కూడా తోడవుతుంది.

పాత ఇంగ్లీషులో ఈ 'పూర్తిగా' అన్న భావానికి క్రియ ముందు ఉపసర్గలు చేర్చేవారు. 'బేర్నన్' అంటే కాల్చడం, 'ఫోర్‌బేర్నన్' అంటే కాల్చివేయడం. జర్మన్‌లో 'ఫెర్‌బ్రెన్నెన్' అన్న మాట ఈనాటికీ ఆ పద్ధతిలోనే ఉంది. ఇంగ్లీషులో మధ్యయుగాల్లో ఈ ఉపసర్గలు సత్తువ కోల్పోయాయి. కొన్ని మాటల్లో శిథిలాల్లా మిగిలాయి. 'ఫర్‌లార్న్' అనే విశేషణంలోని మొదటి భాగం అలాంటిదే. పూర్తిగా కోల్పోయిన స్థితి అని దాని అసలు భావం. ఉపసర్గలు ఖాళీ చేసిన చోటుకు క్రియ వెనక నిలబడే 'అప్', 'అవుట్', 'ఆఫ్', 'డౌన్' వచ్చి చేరాయి. జ్ఞాతి భాషలు కూడా ఇదే మాటను ఎంచుకున్నాయి. తినేయడాన్ని జర్మన్‌లో 'ఆవుఫ్‌ఎస్సెన్' అంటారు, డచ్‌లో 'ఓప్‌ఏటెన్' అంటారు. ఆ 'ఆవుఫ్', 'ఓప్' మన 'అప్'కు తోబుట్టువులు.

దిక్కును చెప్పే మాట ముగింపును ఎలా చెప్పిందన్నది అసలు ప్రశ్న. నాకు సబబుగా తోచే సమాధానం 'ఫిల్ అప్'. పాత్ర నిండుతుంటే మట్టం నిజంగానే పైకి వస్తుంది. అంచుకు చేరితే పని ముగుస్తుంది. ఈ ఒక్క చోట 'పైకి', 'పూర్తిగా' విడదీయలేనంతగా కలిసిపోయాయి. ఇలాంటి వాడుకల నుంచి రెండో భావం విడివడి, పైకి లేచేది ఏమీ లేని 'ఈట్ అప్' లాంటి చోట్లకు కూడా పాకిందని అనుకోవచ్చు.

బోధిని గారి విద్యార్థులు పడే తిప్పలు కొత్తవి కావు. శామ్యూల్ జాన్సన్ 1755లో వెలువరించిన నిఘంటువు ముందుమాటలోనే ఈ సంగతి ఎత్తుకున్నాడు. క్రియ వెనక ఒక చిన్న మాట చేర్చి అర్థాన్ని మార్చే అలవాటు ఇంగ్లీషుకు ఎక్కువని, విదేశీయులకు అత్యంత కష్టం కలిగించేది అదేనని ఆయన రాశాడు.

నిఘంటుప్రియ

'వేయు', 'పోవు' పోలిక బాగుంది. అయితే దాన్ని సూత్రంగా చేసి విద్యార్థుల చేతికి ఇస్తే ప్రమాదం.

'చదివేశాను' అనడానికి 'రీడ్ అప్' పనికిరాదు. 'రీడ్ అప్ ఆన్' అంటే ఒక విషయం గురించి వెతికి వెతికి చదివి తెలుసుకోవడం. 'చెప్పేశాడు' అనడానికి 'టెల్ అప్' అన్నది అసలు లేదు. దాచాల్సినది నోరు జారితే ఇంగ్లీషులో 'అవుట్' వస్తుంది. 'పోవు' సంగతి మరీ చిక్కు. దీపం ఆరిపోయింది: 'అవుట్'. దొంగ పారిపోయాడు: 'అవే'. గోడ కూలిపోయింది: 'డౌన్'. చెప్పులు అరిగిపోయాయి: మళ్ళీ 'అవుట్'. మనం అన్నిటికీ ఒకే 'పోవు' వాడుతుంటే ఇంగ్లీషు ఒక్కో వస్తువు ఎలా అంతమైందో చూసి ఒక్కో మాటను ఎంచుకుంటోంది.

అందరూ అడిగే 'బర్న్ అప్', 'బర్న్ డౌన్' తేడా కూడా ఇక్కడే తేలుతుంది. ఇల్లు తగలబడితే 'బర్న్డ్ డౌన్' అంటారు. నిలబడి ఉన్నది నేలమట్టమైంది కాబట్టి. కొవ్వొత్తి కూడా 'డౌన్', ఎత్తు తరిగిపోతుంది కాబట్టి. ఆకాశంలో ఉల్క కాలిపోతే మాత్రం 'బర్న్డ్ అప్'. దానికి కూలడానికి నేలా లేదు, తరగడానికి ఎత్తూ లేదు, ఉన్నదంతా హరించుకుపోవడమే. ఇల్లు కూడా బూడిదైపోయిందని నొక్కిచెప్పాలంటే 'అప్' అనవచ్చు. ఉల్కకు 'డౌన్' మాత్రం చెల్లదు.

చెట్టును చూడండి. మొదట 'కట్ డౌన్' చేస్తారు, ఆ తర్వాత 'కట్ అప్' చేస్తారు. నరికి పడగొట్టడం ఒకటి, ముక్కలు ముక్కలు చేయడం ఇంకొకటి. ఒకే చెట్టు, ఒకే గొడ్డలి. తేడా అంతా వెనకనున్న చిన్న మాటలోనే ఉంది. తెలుగులో రెంటికీ 'నరికేశారు' అంటే సరిపోతుంది.

అనువాదిని

ఒప్పుకుంటాను. నేను చెప్పింది ఇంగ్లీషు నుంచి తెలుగుకు వచ్చే దారి. వెనక్కి వెళ్ళేటప్పుడు అది ఒంటరిగా చాలదు. 'అప్' ఉన్నచోట 'వేయు' పెట్టి చూస్తే చాలాసార్లు అర్థం చిక్కుతుంది. 'వేయు' ఉన్నచోటల్లా 'అప్' పెడితే తప్పుతుంది. చదివి గ్రహించడానికి ఒక పద్ధతి, రాయడానికి ఇంకొకటి అని విద్యార్థులకు మొదటి రోజే చెప్పడం మేలు.

వాక్యవిహారి

అర్థం గురించి అందరూ రాస్తున్నారు. వాక్యంలో ఈ మాట ఎక్కడ నిలబడుతుందో కూడా చూడాలి. అర్థంలోని తేడాను వాక్యం బయటపెడుతుంది.

'ర్యాన్ అప్ ఎ హిల్', 'ర్యాన్ అప్ ఎ బిల్'. చూడడానికి రెండూ కవలలు. మొదటిది కొండ పైకి పరుగెత్తడం, రెండోది బాకీ పెంచుకుంటూ పోవడం. మొదటిదాంట్లో 'అప్' కొండకు చెందింది. 'అప్ ఎ హిల్ హీ ర్యాన్' అని మొత్తాన్ని ముందుకు తేవచ్చు. రెండోదాంట్లో 'అప్' క్రియకు చెందింది, కాబట్టి 'అప్ ఎ బిల్ హీ ర్యాన్' అనడం కుదరదు. సర్వనామం పెడితే తేడా ఇంకా తేటపడుతుంది. కొండ అయితే 'ర్యాన్ అప్ ఇట్'. బాకీ అయితే 'ర్యాన్ ఇట్ అప్'.

విద్యార్థులు తరచుగా తప్పేది ఇక్కడే. నిఘంటువులో మాట వెతకడం 'లుక్ అప్ ద వర్డ్' అవుతుంది, 'లుక్ ద వర్డ్ అప్' కూడా అవుతుంది. ఆ మాట స్థానంలో 'ఇట్' వస్తే మాత్రం 'లుక్ ఇట్ అప్' ఒక్కటే ఒప్పు. 'అప్' క్రియకు చెందినప్పుడు చిన్న సర్వనామం దాని వెనక్కి పోదు. క్రియకూ 'అప్'కూ మధ్యలోనే కూర్చుంటుంది.

ఉచ్చారణ కూడా ఇదే చెబుతుంది. క్రియతో కలిసిన 'అప్' మీద ఊనిక పడుతుంది, కొండతో కలిసిన 'అప్' తేలిపోతుంది. రెండూ కలిసి నామవాచకమైతే ఊనిక మొదటి భాగానికి జరుగుతుంది. 'సెట్ అప్' అని క్రియగా అన్నప్పుడు 'అప్'ను నొక్కి పలుకుతారు, 'సెటప్' అని నామవాచకంగా అన్నప్పుడు 'సె'ను నొక్కుతారు.

యంత్రలిపి

సాఫ్ట్‌వేర్ పత్రాలు రాసే పని నాది. వాక్యవిహారి గారు చెప్పిన తేడా రాతలో కూడా ఉంది. క్రియ అయితే రెండు మాటలుగా విడదీసి రాయాలి, నామవాచకం అయితే కలిపి రాయాలి. బ్యాకప్, సెటప్, స్టార్టప్, ఇవన్నీ అంతే. 'అప్‌లోడ్', 'అప్‌డేట్', 'అప్‌గ్రేడ్' వేరే రకం. వాటిలో 'అప్' ముందుకు వచ్చి క్రియకు అతుక్కుపోయింది, మళ్ళీ విడదీయలేం. సర్వర్ 'అప్'లో ఉందంటే పనిచేస్తోందని, 'డౌన్' అయిందంటే ఆగిపోయిందని. నిఘంటుప్రియ గారు చెప్పిన 'ఆరోగ్యంగా ఉన్నవాడు నిలబడతాడు' అన్నది యంత్రాలకూ వర్తించింది.

తొలిమెట్టు

అందరికీ కృతజ్ఞతలు. 'షో అప్', 'టర్న్ అప్', 'కమ్ అప్' సంగతి ఎవరూ చెప్పలేదు. ఇవి పూర్తి కావడం కాదు కదా. 'మేక్ అప్' కూడా నాకు కొరుకుడు పడడం లేదు. ముఖానికి రంగు పూసుకోవడం, అబద్ధం అల్లడం, తగవు తీర్చుకోవడం, లోటు పూడ్చడం, ఇన్నిటికీ ఒకే మాట ఎలా?

అనువాదిని

మొదటి మూడింటికీ తెలుగులో ఒకే జవాబు ఉంది. 'విచారణలో తేలింది' అంటాం. నీటి అడుగున ఉన్నది పైకి తేలితే కంటికి కనపడుతుంది. కనపడడం, బయటపడడం, ప్రస్తావనకు రావడం, ఇవన్నీ ఇంగ్లీషులోనూ ఆ తేలడమే. 'సంథింగ్ కేమ్ అప్' అంటే అనుకోని పని ఒకటి తేలింది, తలెత్తింది. 'సమస్య తలెత్తింది' అన్న మన మాటలో 'ఎత్తు' ఉండనే ఉంది.

'మేక్ అప్' విషయంలో నాలుగు అర్థాలను నాలుగుగా నేర్పడం కంటే కూర్చడం అన్న ఒక్క భావం పట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. విడి భాగాలు చేర్చి ఒక పూర్తి రూపం తేవడం. కథ కూరిస్తే అది కట్టుకథ. ముఖాన్ని తీర్చిదిద్దితే అలంకరణ. తగ్గినంత కలిపి లెక్క నిండేలా చేస్తే లోటు పూడ్చడం. చెడిన పొత్తును మళ్ళీ కలిపితే రాజీ. అన్నిటిలోనూ కొరత ఉన్నచోట నిండుదనం వస్తోంది. పాతప్రతి గారి 'ఫిల్ అప్' ఇక్కడా కనపడుతోంది.

పాతప్రతి

కొన్ని వాడుకలకు మాత్రం భావం కాదు, వస్తువో ఆచారమో కారణం. వాటిని కథగా చెబితేనే నిలుస్తాయి.

ఫోను పెట్టేయడాన్ని 'హ్యాంగ్ అప్' అంటారు. పాత ఫోన్లు గోడకు ఉండేవి. చెవి దగ్గర పెట్టుకునే భాగాన్ని కొక్కేనికి తగిలిస్తే సంభాషణ ముగిసేది. కొక్కెం పోయింది, మాట ఉంది. దారిదోపిడీని 'హోల్డ్ అప్' అనడానికి దొంగ ముందు పైకెత్తిన చేతులే ఆధారమని చెబుతారు.

బ్రిటన్‌లో లండన్ వైపు వెళ్ళే రైలు దారి 'అప్', లండన్ నుంచి బయటికి వెళ్ళేది 'డౌన్'. ఎడిన్‌బరో నుంచి లండన్ దక్షిణంగా, పటంలో కిందికి ఉంటుంది. అయినా ఆ ప్రయాణం 'అప్' లోనే. పటం కంటే రాజధాని హోదా గట్టిది. ఆక్స్‌ఫర్డ్‌లో చదవడానికి చేరడం కూడా 'గో అప్', అక్కడి నుంచి బహిష్కరిస్తే 'సెంట్ డౌన్'.

'అప్‌సెట్' సంగతి చెప్పకుండా ఉండలేను. మధ్యయుగాల చివర దాని అర్థం నిలబెట్టడం. 19వ శతాబ్దం తొలినాళ్ళకు తలకిందులు చేయడం అయింది, ఆ వెంటనే మనసు కలత చెందడం అయింది. 'అప్' ఉన్న మాట పడగొట్టడానికి రావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

బోధిని

ఇంత దొరుకుతుందని అనుకోలేదు. ఒక్కటి మిగిలింది, నా విద్యార్థులు ఎక్కువగా అడిగేది: 'గివ్ అప్'. 'గివ్' అంటే ఇవ్వడం. ప్రయత్నం మానేయడంలో ఎవరికి ఏం ఇస్తున్నాం?

పాతప్రతి

కోటలు ఇస్తున్నాం. నిజంగానే. పీటర్‌బరో మఠంలో 1154 ప్రాంతంలో రాసిన వృత్తాంతం ఒకటుంది. అందులో 1137వ సంవత్సరం పద్దు కింద స్టీఫెన్ రాజు కొందరు బిషప్పులను బంధించిన సంగతి వస్తుంది. వాళ్ళు తమ కోటలను అప్పగించేవరకు చెరలో ఉంచాడని రాస్తూ, ఆ రచయిత వాడిన మాట నేటి 'గివ్ అప్'కు పూర్వరూపమే. తన చేతిలో ఉన్నదాన్ని పైవాడికి వదులుకోవడం అన్నమాట. తర్వాత కోటల స్థానంలో హక్కులు వచ్చాయి, అలవాట్లు వచ్చాయి, చివరికి ఏ కర్మా లేకుండా 'ఐ గివ్ అప్' వచ్చింది.

అనువాదిని

కర్మ ఉన్న 'గివ్ అప్'కు 'వదిలేయి' సరిగ్గా సరిపోతుంది, అలవాటైనా ఆశైనా. కర్మ లేనిదానికి మన దగ్గర అంతకంటే దగ్గరి మాట ఉంది: 'చేతులెత్తేశాడు'. పైకి అన్న దిక్కు 'ఎత్తు'లో ఉంది, ముగిసిందన్న భావం 'వేయు'లో ఉంది. 'అప్'కు ఉన్న రెండు ముఖాలూ ఒకే మాటలో చూపించాలంటే తరగతిలో ఇది పెట్టండి.

బోధిని

తప్పకుండా పెడతాను. పాఠం వరస ఇలా అనుకుంటున్నాను. మొదట దిక్కు, పరిమాణం. తర్వాత తేలడం: 'షో అప్', 'కమ్ అప్'. ఆ తర్వాత 'తిను, తినేయి' నుంచి 'ఈట్, ఈట్ అప్'. దాని వెంటనే చెట్టు, ఉల్క, కొవ్వొత్తి ఉదాహరణలతో 'డౌన్', 'అవుట్' తేడాలు. 'హ్యాంగ్ అప్' లాంటివి కథలుగా. వాక్య నిర్మాణం, ఉచ్చారణ ఆఖరున.

వాక్యవిహారి

వరస బాగుంది, ఆఖరి మాట తప్ప. 'లుక్ ఇట్ అప్' క్రమాన్ని మొదటి ఉదాహరణతో పాటే, గట్టిగా పలికిస్తూ నేర్పండి. అర్థం ఆలస్యంగా తెలిసినా ఇబ్బంది లేదు. 'లుక్ అప్ ఇట్' నాలుకకు అలవాటైతే తర్వాత మాన్పించడం కష్టం.